పీర్‌ట్యూబ్‌కు తెలుగువారు చేయదగిన పని

విజయవాడలో ఇంజనీరింగ్ విద్యార్థులు, ఔత్సాహిక రంగస్థల కళాకారులు కలిసి పాల్గొన్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం.

సభకు నమస్కారం.

కొన్నేళ్ళ క్రితం తెనాలి దగ్గర ఒక పల్లెలో రాత్రి తొమ్మిదికి మొదలై తెల్లవారుజాము దాకా సాగిన పద్యనాటకాన్ని మేము ముగ్గురం రెండు కెమెరాలతో చిత్రీకరించాం. శ్రీకృష్ణుడి పాత్ర వేసిన పెద్దాయనకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మరుసటి సంవత్సరం ఆయన కాలం చేశారు. ఆ రికార్డింగును మేము ఒక పెద్ద వీడియో వేదిక మీద ఉంచాం. పదకొండు నెలలు గడిచాక ఒక ఉదయం చూస్తే అది అక్కడ లేదు. అందులోని ఒక పద్యం వేరొకరి హక్కుల్లో ఉన్న రికార్డింగుతో సరిపోలిందని యంత్రం తేల్చిందట. ఆ పద్యం నూరేళ్ళ కిందటిది, పాడినది మా పెద్దాయన, హార్మోనియం వాయించినది ఆయన తమ్ముడు. ఈ సంగతి విన్నవించుకుంటూ మూడుసార్లు ఫారాలు నింపాం గాని, మనిషి రాసిన జవాబు ఒక్కటి కూడా రాలేదు.

మా దగ్గర హార్డ్ డిస్కులో ప్రతి ఉంది కనుక నాటకం పోలేదు. పోయినది వేరే ఉంది. ఆ వీడియో కింద సుమారు రెండు వందల మంది తమ జ్ఞాపకాలు రాశారు. ఆయన యౌవనంలో ఏ ఏ ఊళ్ళలో ఆడారో, ఎదుట అర్జునుడి పాత్ర ఎవరు కట్టారో, ఏ తిరునాళ్ళలో ఏ పద్యానికి వన్స్‌మోర్ కొట్టించుకున్నారో చూసినవాళ్ళు చూసినట్టు రాశారు. ఆ వ్యాఖ్యలకు మా దగ్గర ప్రతి లేదు. వాటిలో కొన్ని రాసినవారు కూడా ఇప్పుడు లేరు.

ఈ అనుభవం తర్వాత నన్ను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. ఒక వేదిక నిబంధనలు రాసేటప్పుడు మనం అక్కడ లేనప్పుడు, వాటిని మార్చేటప్పుడు కూడా మనల్ని అడగనప్పుడు, మన ఊరి కళను, మన పెద్దల గొంతును భద్రపరచడానికి దాని మీద మాత్రమే ఆధారపడటం సబబేనా? ఆ ప్రశ్న వెంట వెళ్ళగా నాకు దొరికినది పీర్‌ట్యూబ్. ఈరోజు దాని గొప్ప చెప్పడం కంటే, దానికి మనం చేయగలిగిన పనేమిటో చెప్పడం నాకు ముఖ్యం. అయినా అది ఏమిటో కొంత తెలియకపోతే పని అర్థం కాదు కాబట్టి ముందు అక్కడి నుంచి మొదలుపెడతాను.

పీర్‌ట్యూబ్ అనేది ఒక వెబ్‌సైటు పేరు కాదు, సొంత సర్వరులో (ఇంటర్నెట్ ద్వారా ఇతరులకు ఫైళ్ళు అందించే కంప్యూటరులో) వీడియోలు ఉంచి అందరికీ చూపించడానికి వీలిచ్చే ఒక సాఫ్ట్‌వేరు పేరు. ఫ్రాన్సులో ఒక ప్రోగ్రామరు సొంత ఆసక్తితో మొదలుపెట్టిన ఈ పనిని ఫ్రామాసాఫ్ట్ అనే లాభాపేక్ష లేని సంఘం ఆదరించి, 2017లో ఆయనను ఉద్యోగంలోకి తీసుకుంది. 2018లో ఆ సంఘం ప్రజల నుంచి 20,000 యూరోలు కోరితే 53,000 యూరోలకు పైగా వచ్చాయి. అదే సంవత్సరం అక్టోబరులో మొదటి పూర్తి స్థాయి వెర్షన్ విడుదలైంది. ప్రత్యక్ష ప్రసారం చేసే సదుపాయం 2021 జనవరిలో మూడో వెర్షన్‌తో వచ్చింది. ఫోన్ యాప్ 2024 డిసెంబరులో వచ్చింది. యానిమేషన్ నేర్చుకునే విద్యార్థులందరికీ తెలిసిన బ్లెండర్ సంస్థ తన వీడియోల కోసం 2018 నుంచి సొంత పీర్‌ట్యూబ్ సర్వరును నడుపుతోంది. ఇంత సాఫ్ట్‌వేరును చాలా ఏళ్ళపాటు జీతం మీద పనిచేసిన ఒకే ఒక్క ప్రోగ్రామరు, ఆయన చుట్టూ చేరిన స్వచ్ఛంద సేవకులు నిలబెట్టారన్నది మీరు గుర్తుంచుకోవలసిన విషయం. మనం చేసే చిన్న సాయానికి కూడా అక్కడ ఎందుకు విలువ ఉందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది.

బెజవాడలో నిలబడి దీని నిర్మాణం గురించి చెప్పబోతే నాకు గ్రంథాలయోద్యమం గుర్తుకు రాక మానదు. అయ్యంకి వెంకటరమణయ్య గారు మొదలైన పెద్దల చొరవతో 1914లో ఈ ఊళ్ళోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ పెద్దలు మద్రాసులో ఒక మహా గ్రంథాలయం కట్టి, చదవదలచినవారందరూ అక్కడికి రావలసిందని అనలేదు. ఊరూరా గ్రంథాలయం ఉండాలన్నారు, దాని బాగోగులు ఆ ఊరివారే చూసుకోవాలన్నారు, వాటన్నిటినీ కలిపే సంఘం ఒకటి ఉంటే చాలునన్నారు. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం ఈనాటికీ పాత పత్రికలను కాపాడుతున్నదంటే, ఆ పత్రికలు ఆ ఊరివారి సంరక్షణలో ఉండటమే కారణమని నా నమ్మకం. పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో పెట్టి కాలువ వెంట ఊళ్ళకు తీసుకువెళ్ళారు. పుస్తకం చదువరి దగ్గరికి వెళ్ళింది, అయినా దాని ఇల్లు దానికి ఉంది.

పీర్‌ట్యూబ్ సర్వర్లు కూడా ఇలాగే ఉంటాయి. ఎవరి సర్వరు వారిది, దాని నిబంధనలు వారివి, దాని ఖర్చు వారిది. గుంటూరులో ఒక కళాశాల తన సర్వరును పెట్టుకుని, విజయవాడలో మేము నడుపుతున్న పీర్‌ట్యూబ్ సర్వరును అనుసరిస్తే, మా వీడియోల పేర్లు, వివరాలు, ముఖచిత్రాలు వారి దగ్గర కూడా కనిపిస్తాయి. వీడియో మాత్రం మా దగ్గరే ఉంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే భాష పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీనిని 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. మాస్టడాన్ అనే సామాజిక మాధ్యమం కూడా ఈ భాషే మాట్లాడుతుంది కనుక, అక్కడ ఖాతా ఉన్నవారు వేరే ఖాతా తెరవకుండానే మా వీడియో కింద వ్యాఖ్య రాయగలరు. ఆ వ్యాఖ్య వారి సర్వరులోనూ, మా డేటాబేసులోనూ ఉంటుంది, మా డేటాబేసుకు మేము ప్రతి వారం నకలు తీసుకుంటాం. ఆ రెండు వందల జ్ఞాపకాల కథ చెప్పాను కాబట్టి, ఈ ఒక్క ఏర్పాటు నాకెంత ఊరటనిచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

వీడియో ఎక్కించగానే సర్వరు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాధనం సాయంతో దానిని వేర్వేరు నాణ్యతలలోకి మార్చి, చిన్న చిన్న ముక్కలుగా పంపడానికి సిద్ధం చేస్తుంది. ఒకే వీడియోను ఒకే సమయంలో పలువురు చూస్తుంటే, వారి బ్రౌజర్లు ఆ ముక్కలను ఒకదానికొకటి అందించుకుని సర్వరు మీద భారం తగ్గిస్తాయి. దీనికి ఒక వెల ఉంది, దానిని దాచకూడదు. అలా అందించుకునేటప్పుడు ఒక ప్రేక్షకుడి ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో ఆ పరికరాన్ని గుర్తించే సంఖ్య) మరొక ప్రేక్షకుడికి తెలిసే వీలుంటుంది, మొబైల్ డేటా కూడా కొంత ఖర్చవుతుంది. ఇష్టం లేనివారు సెట్టింగులలో దానిని ఆపుకోవచ్చు. ఆపుకోవచ్చునని ప్రేక్షకులకు చెప్పడం సర్వరు నడిపేవారి బాధ్యత.

ఇక నిల్వ సంగతి. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున లెక్క వేసుకుంటే ఒక గంట వీడియోకు 1.8 గిగాబైట్లు పడతాయి. ఏడు గంటల నాటకానికి ఒక్క నాణ్యతలోనే దాదాపు 12.6 గిగాబైట్లు కావాలి, తక్కువ నాణ్యత ప్రతులు దీనికి అదనం. అందుకే ఎవరైనా ఉత్సాహంగా వచ్చి ఊరందరి వీడియోలూ మా సర్వరులోనే పెట్టేద్దామంటే నేను వద్దంటాను. ఏ నాటక సమాజమైనా తన సర్వరును తాను పెట్టుకోవడమో, నలుగురు కలిసి ఖర్చు పంచుకోవడమో మంచిది. కళాశాలల వారికి ఒక సూచన చేస్తాను. 2023లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి నాణ్యతలు మార్చే బరువైన పనిని వేరే కంప్యూటరుకు అప్పగించే వీలు ఉంది. మీ ల్యాబులో రాత్రిపూట ఖాళీగా ఉండే యంత్రాలు ఆ పనికి సరిగ్గా సరిపోతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఓపెన్ సోర్సుకు, అంటే కోడు అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేరుకు, సాయం చేయడమంటే కోడు రాయడమేనన్న అభిప్రాయం మన విద్యార్థులలో బలంగా పాతుకుపోయింది. కోడు రాయగలిగినవారు ప్రపంచంలో ఏ దేశంలోనైనా దొరుకుతారు. తెలుగు తెలిసి, ఈ సాఫ్ట్‌వేరును రోజూ వాడి, ఎక్కడ తెలుగు ఇబ్బంది పడుతున్నదో చెప్పగలిగినవారు మనలో నుంచి తప్ప మరెక్కడి నుంచి వస్తారు? అందుచేత నా దృష్టిలో మన మొదటి పని అనువాదం. దీనికి ప్రోగ్రామింగ్ అవసరం లేదు. వెబ్‌లేట్ అనే సాధనంలో మూలవాక్యం కనిపిస్తుంది, దానికి మనం తెలుగు రాస్తాం. వినడానికి ఇంత తేలికగా ఉన్న పనిలో ఎంత ఆలోచన ఉందో కొన్ని ఉదాహరణలతో చూపిస్తాను.

సాఫ్ట్‌వేరు వాక్యాలలో మనుషుల పేర్లు రావలసిన చోట ఖాళీ గుర్తు ఉంటుంది, పేరు ఏదో మనకు ముందుగా తెలియదు. ‘ఫలానా వారికి సందేశం పంపండి’ అని రాయాలనుకోండి. రవికి, లక్ష్మికి అంటాం గాని సీతకు, అనంతకు అంటాం. ఇకారం తర్వాత ‘కి’, తక్కిన చోట్ల ‘కు’ అన్న నియమం మనకు పాలతో అబ్బినది, యంత్రానికి తెలియదు. ఆ ఖాళీ పక్కన మనం ‘కు’ అని రాసి ఊరుకుంటే తెరమీద ‘రవికు’ అని కనిపిస్తుంది, చదివినవారు ఇది తెలుగు రానివారు చేసిన పని అనుకుంటారు. అందువల్ల వాక్యాన్నే తిరగరాయాలి. ‘సందేశం అందుకునేవారు’ అని రాసి, రెండు చుక్కల (:) తర్వాత పేరు వచ్చేలా చేస్తే విభక్తి బెడద ఉండదు. ఇలా ఎక్కడ విభక్తి తప్పించాలో, ఎక్కడ ‘గారికి’ అని చేర్చి ఒడ్డెక్కాలో నిర్ణయించడానికి వ్యాకరణ జ్ఞానం కావాలి. తెలుగు ఎం.ఏ. చదివిన వారు ఈ సభలో ఉంటే, ఈ పనికి మీరే ముందుండాలని నా విన్నపం.

రెండో చిక్కు మాటల ఎంపికలో ఉంది. ‘సబ్‌స్క్రైబ్’ అన్నదానికి మేము మొదట మా సర్వరులో ‘చందాదారులు కండి’ అని పెట్టాం. మా అమ్మ అది చూసి, ఎంత కట్టాలని అడిగింది. ఆ మాట వెంటనే తీసేశాం. పోనీ ‘అనుసరించండి’ అందామంటే, పీర్‌ట్యూబ్‌లో ఒక సర్వరు మరొక సర్వరును అనుసరించడం వేరు, ఒక ప్రేక్షకుడు ఒక ఛానెల్ కొత్త వీడియోల కోసం పేరు నమోదు చేసుకోవడం వేరు. రెండింటికీ ఒకే మాట వాడితే సర్వరు నడిపేవారు తికమక పడతారు. ఇటువంటి మాటలను ఒక్కరు కూర్చుని తేల్చకూడదు. పదకోశం ఒకటి తయారుచేసుకుని, అందరూ ఒప్పుకున్నాక మొదటి నుంచి చివరి దాకా అదే మాట వాడాలి. వాడుకలో స్థిరపడిన ఇంగ్లీషు మాటను పట్టుబట్టి సంస్కృతంలోకి మార్చడం కూడా నాకు సమ్మతం కాదు. వీడియోను వీడియో అనే అందాం, ఛానెల్‌ను ఛానెల్ అనే అందాం. ‘అప్‌లోడ్’కు ‘ఎక్కించు’ అన్న మాట జనం నోట ఉంది కాబట్టి దానిని వదులుకోవద్దు.

అనువాదం అయ్యాక తెరమీద చూడాలి. మన లిపిలో అక్షరం కిందకు దిగుతుంది. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ వంటి మాటలలో వత్తులకు కింద చోటు కావాలి. మా సర్వరు కోసం నేను రాసిన థీమ్‌లో వరుసల మధ్య దూరం రోమన్ లిపికి సరిపోయేంతే పెట్టాను. ఫలితంగా బటన్ల మీద వత్తులు సగానికి తెగిపోయాయి. మూడు నెలల తర్వాత ఒక నాటక సమాజం కార్యదర్శి గారు చెబితే గాని నేను గమనించలేదు. నా కళ్ళు ఇంగ్లీషు రూపానికి అలవాటు పడిపోవడమే దానికి కారణం. అప్పటి నుంచి ఏ మార్పు చేసినా ముందు ‘స్త్రీ’ అన్న మాట పెట్టి చూస్తున్నాను.

వెతుకులాటలో ఇంకొక సమస్య దాగి ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను కొందరు ‘ట్’ తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తును చేర్చి టైపు చేస్తారు, కొందరు చేర్చకుండా చేస్తారు. ఆ గుర్తు లేనప్పుడు పొల్లు పోయి వత్తు ఏర్పడుతుంది. చదివే మనకు రెండూ ఒకే మాట, అక్షరాలను పోల్చే ప్రోగ్రాముకు రెండూ వేర్వేరు మాటలు. ‘ఫలానా నాటకం మీ దగ్గర లేదా’ అని ఎవరైనా అడిగితే, అది ఉండి కూడా దొరకకపోవడానికి ఇటువంటి కారణాలుంటాయి. ఏ మాటను ఎన్ని విధాలుగా టైపు చేస్తున్నారో పట్టిక తయారుచేసి, వెతికితే ఏది దొరుకుతోందో ఏది దొరకడం లేదో రాసి పంపితే, దానిని సరిదిద్దే ప్రోగ్రామరుకు సగం పని మనమే చేసినవాళ్ళమవుతాం.

ఉపశీర్షికల గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఇది నాకు ఇష్టమైన పని. 2024లో వచ్చిన 6.2 వెర్షన్ నుంచి విస్పర్ అనే ఏఐ నమూనా సాయంతో మాటలను విని ఉపశీర్షికలు తయారుచేసే సదుపాయం పీర్‌ట్యూబ్‌లో ఉంది. మామూలు మాటకు అది మొదటి చిత్తుప్రతిగా ఉపయోగపడుతుంది. పద్యం దగ్గర మాత్రం ఏ యంత్రాన్నీ నమ్మడానికి లేదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. నాలుగు పాదాల ఆ పద్యాన్ని నటుడు రాగం తీస్తూ పాడితే మూడు నాలుగు నిమిషాలు సాగుతుంది. మధ్యలో ఒక్క అచ్చు మీదే అర నిమిషం నిలబడతాడు. అక్కడ ఉపశీర్షిక ఏ క్షణంలో రావాలి, ఏ క్షణంలో పోవాలి, పాదాన్ని ఎక్కడ విరవాలి అన్నది పద్యం తెలిసినవారే చెప్పగలరు. మాట పూర్తయ్యే చోట విరిస్తే అర్థం నిలుస్తుంది, సమాసం మధ్యలో విరిస్తే చదివేవారికి గందరగోళం. ఉపశీర్షికల ఫైలు మామూలు రాత ఫైలే. సమయం ఒక వరుసలో, మాట దాని కింద వరుసలో ఉంటాయి. మా బృందంలో ఈ పని చేస్తున్న రిటైర్డు తెలుగు పండితులు ఒకరు కంప్యూటరు నేర్చుకున్నది అరవై ఐదో ఏట. చెవులు వినిపించని ప్రేక్షకుడు ఒకరు, తాను జీవితంలో మొదటిసారి పద్యనాటకం పూర్తిగా చదివానని ఆయనకు ఉత్తరం రాశారు.

లోపాలను తెలియజేసే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. ‘పనిచేయడం లేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ వెర్షన్, ఏ బ్రౌజరు, ఏమి నొక్కితే ఏమి జరిగింది, ఏమి జరుగుతుందని మీరు అనుకున్నారు అన్నవి వరుసగా రాయండి. అదే లోపాన్ని ఇంతకు ముందే ఎవరైనా తెలియజేశారేమో వెతికి చూడండి. ఒక ఇష్యూలో, అంటే ప్రాజెక్టు పేజీలో మీరు తెరిచే ఒక ఫిర్యాదులో, ఒక్క సమస్యే ఉండాలి. అవతల ఉన్నవారు మన జీతగాళ్ళు కారు, ఆ సాఫ్ట్‌వేరును మనకు ఉచితంగా ఇచ్చినవారు. కాబట్టి గద్దించే మాట రాయవద్దు.

కోడు రాయాలనుకునే విద్యార్థులకు నా అనుభవం ఒకటి చెబుతాను. మరొక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రాజెక్టుకు నేను పంపిన మొదటి పుల్ రిక్వెస్టులో (నా కోడు మార్పును కలుపుకోమని చేసిన అభ్యర్థనలో) నాలుగు మార్పులు కలిపి పెట్టాను. వాటిలో ఒకటి లోపం సవరణ, తక్కిన మూడూ నాకు నచ్చిన అలంకారాలు. పరిశీలించినవారు ఎంతో మర్యాదగా, మొదటిది విడిగా పంపితే ఈరోజే తీసుకుంటామని, తక్కినవి ఎవరికి అవసరమో ముందు చర్చిద్దామని రాశారు. నేను నొచ్చుకుని రెండు వారాలు జవాబివ్వలేదు. ఆ రెండు వారాలూ ఆ లోపం అందరినీ బాధిస్తూనే ఉంది. ఆ తప్పు మీరు చేయవద్దు. పెద్ద మార్పు తలపెట్టినప్పుడు ముందు ఇష్యూలో అడిగి, వారికి అది కావాలో లేదో తెలుసుకుని, ఆ తర్వాతే కీబోర్డు మీద చేయి వేయండి. పీర్‌ట్యూబ్ సర్వరు భాగం నోడ్ జేఎస్ మీద, తెరమీద కనిపించే భాగం యాంగులర్‌తో, రెండూ టైప్‌స్క్రిప్ట్‌లో రాసినవి. పోస్ట్‌గ్రెస్, రెడిస్ అనే డేటాబేసులు, ఎఫ్ఎఫ్ఎంపెగ్ మీ యంత్రంలో ఉండాలి. డెవలపరు పద్ధతిలో నడిపితే సర్వరు 9000 పోర్టులోనూ, క్లయింటు 3000 పోర్టులోనూ లేస్తాయి. మీ అవసరం మన ప్రాంతానికి మాత్రమే సంబంధించినదైతే మూల కోడును కదపకుండా, విడిగా జోడించే ప్లగిన్‌గా రాయడం మేలు.

లైసెన్సు గురించి కూడా ఒక మాట. ఇది ఏజీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లైసెన్సు మూడో వెర్షన్ కింద వచ్చిన సాఫ్ట్‌వేరు. మీరు దానిని మార్చి, మార్చిన రూపాన్ని ఇంటర్నెట్‌లో నలుగురి వాడకానికి పెట్టినప్పుడు, ఆ నలుగురికీ మీ మార్పుల సోర్సు కోడు అందుబాటులో ఉంచాలి. కాపీ పంచకపోయినా, కేవలం సర్వరుగా నడిపినా ఈ షరతు వర్తిస్తుంది. మీరు చేసిన మెరుగుదల గుంటూరు సర్వరుకు కూడా చేరాలన్నదే దీని ఉద్దేశం, నాకు ఈ షరతు మనస్ఫూర్తిగా నచ్చింది.

సర్వరు నడపడం కూడా సాయమే, దానిని తక్కువగా అంచనా వేయవద్దు. ఎవరికి ఖాతా ఇవ్వాలి, ఏ సర్వర్లను అనుసరించాలి, ఫిర్యాదు వస్తే ఎవరు చూడాలి అన్నవి మొదటి రోజే రాసుకోవాలి. మన దేశ చట్టాల ప్రకారం ఇతరుల వీడియోలు ఉంచేవారికి బాధ్యతలున్నాయి, వాటిని తెలిసినవారిని అడిగి తెలుసుకోవాలి. మేము మొదట్లో ఎవరు అడిగినా ఖాతా ఇచ్చాం. ఒక రాత్రిలో పనికిరాని ప్రకటనల వీడియోలు నూరుకు పైగా వచ్చి పడ్డాయి. ఇప్పుడు అడిగినవారితో ఫోనులో మాట్లాడాకే ఇస్తున్నాం.

టీ విరామం తర్వాత ల్యాప్‌టాప్ తెచ్చినవారు కుడివైపు బల్లల దగ్గరికి రండి. వెబ్‌లేట్‌లో ఖాతా తెరవడం ఎలాగో చూపిస్తాను. నాటక సమాజాల పెద్దలు కూడా దయచేసి వెళ్ళిపోవద్దు, మీతో పని ఉంది. ‘సబ్‌స్క్రైబ్’కు ఇంకా సరైన మాట దొరకలేదు. పూర్వం మీ సమాజం ఊళ్ళోకి వస్తున్నదని తెలిస్తే, తర్వాతి నాటకం ఎప్పుడో తమకు కబురు చేయమని జనం పేర్లిచ్చి వెళ్ళేవారని విన్నాను. దానిని అప్పట్లో ఏమనేవారో చెప్పండి, ఆ మాటతోనే ఫైలు తెరుద్దాం.